అవాంఛిత రోమాలు: నా అనుభవం

ఈ సంగతి పదిమందిలో చెప్పుకునేది కాదని ఇన్నేళ్ళూ దాచుకున్నాను. పెళ్ళిచూపులంటే మా అమ్మ నన్ను వెలుతురు తక్కువున్న గదిలో కూర్చోబెట్టేది. కారణం, నా గడ్డం మీద ముతక వెంట్రుకలు! పసుపు, సున్నిపిండి రుద్దినా లాభం లేకపోయింది. తెల్లవారుజామునే లేచి, అద్దం ముందు ఒక్కొక్కటీ పీక్కునేదాన్ని.

పెళ్ళయ్యాక ఎలక్ట్రాలిసిస్ గురించి విని, చర్మవ్యాధుల డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాను. ఆవిడ మొదట అడిగిన ప్రశ్న, "నెలసరి సరిగ్గా వస్తోందా అమ్మా?" అని. నాకు రెండు మూడు నెలలకోసారి వచ్చేది. దానికీ దీనికీ సంబంధమేమిటో అర్థం కాలేదు. రక్తపరీక్ష, స్కానింగ్ చేయిస్తే పాలిసిస్టిక్ ఓవరీస్ అని తేలింది. మగ హార్మోన్లు ఎక్కువవడం వల్లే ఈ వెంట్రుకలట. "మూలం సరిచేయకుండా ఎన్ని తీసినా పక్కన కొత్తవి మొలుస్తాయి" అన్నారు. ముందు మందులు, బరువు తగ్గడం. ఆ తర్వాతే సూది.

ఇది నిన్నమొన్నటి వైద్యం కాదు. కంటిలోకి గుచ్చుకునే రెప్పవెంట్రుకల కోసం అమెరికాలో చార్లెస్ మిషెల్ అనే కంటి డాక్టరు ఈ పద్ధతిని 1875లో ప్రకటించాడు. సన్నని సూదిని వెంట్రుక కుదురులోకి దించి కొద్దిపాటి కరెంటు పంపుతారు. అక్కడి ఉప్పునీటి నుంచి క్షారం పుట్టి కుదురును నాశనం చేస్తుంది. చీమ కుట్టినట్టుంటుంది. లేజర్‌కు లొంగని తెల్ల వెంట్రుకలు కూడా దీనితో పోతాయి.

అయితే ఒక్కొక్క వెంట్రుకకూ విడిగా చేయాలి. అన్నీ ఒకేసారి పెరిగే దశలో ఉండవు కనుక మళ్ళీ మళ్ళీ వెళ్ళాలి. నాకు పద్నాలుగు నెలలు పట్టింది. ఆ రోజుల్లో పీకకూడదు, కత్తెరతో కత్తిరించుకోవాలంతే. నలుగురిలోకి ఆ గడ్డంతో వెళ్ళడమే నాకు సూదికన్నా బాధగా ఉండేది.

అక్కచెల్లెళ్ళకు నా సలహా ఒక్కటే. అనుభవం లేనివారి చేతిలో ముఖం పెట్టకండి, మచ్చలు పడతాయి. ఎవరికి వారికి కొత్త సూది వాడుతున్నారో లేదో అడగండి. గాయం మానినచోట కండ పెరిగే చర్మమున్నా, గుండెకు పేస్‌మేకర్ ఉన్నా ముందే చెప్పండి.

మొన్న మా అమ్మాయి పైపెదవి తడుముకుంటూ దిగులుగా అద్దం ముందు నిలబడింది. కిటికీ తలుపులు బార్లా తెరిచి, పక్కన కూర్చోబెట్టుకుని అడిగాను: "నెలసరి సరిగ్గా వస్తోందా తల్లీ?"