గేజీ మీద రెండు గీతలు

చోడవరంలో చదునైన చోటు వెతుక్కోవడం అనుకున్నంత తేలిక కాదు. బీఎన్ రోడ్డు నడుమ ఎత్తు, అంచుల్లో పల్లం, మిగిలిన చోట గొయ్యి. ఇళ్ళ ముందు ర్యాంపుల సంగతి సరేసరి. వాన నీళ్ళు గుమ్మం ఎక్కకూడదని ఎవరి కొండ వాళ్ళు కట్టుకున్నారు. 2022 ఏప్రిల్‌లో మా ఊరికి విశాఖ జిల్లా పోయి అనకాపల్లి జిల్లా వచ్చింది గాని, ర్యాంపుల వాలు మారలేదు. మామూలు రోజుల్లో ఇదేమీ పట్టదు. ఇంజనాయిలు చూడాలన్నప్పుడే ఊరంతా ఒక పక్కకి ఒరిగినట్టు కనిపిస్తుంది.

సంక్రాంతికి మా మేనల్లుడు విశాఖ నుంచి రెండు సీట్ల స్పోర్ట్స్ కారు వేసుకొచ్చాడు. కొత్తది కాదు, చేతులు మారి వచ్చిందే. సబ్బవరం దాటిన దగ్గర్నుంచి చెరకు ట్రాక్టర్ల వెనకాలే, గొయ్యి గొయ్యికీ దణ్ణం పెట్టుకుంటూ వచ్చాడట. దాని పొట్ట నేలకి జానెడు ఎత్తులో ఉంటుంది. ఆ పొట్టకింద వేలాడేదే ఆయిల్ చాంబరు. ఎక్కడైనా రాయి తగిలి కారుతోందేమోనని వాడి భయం. దిగీదిగగానే ర్యాంపు మీదే బానెట్ ఎత్తి గేజీ లాగబోయాడు. ఎదురింటి మెకానిక్ నవ్వాడు.

“బండి ఎగువన ఎట్టి సూస్తే ఏటి తెలుస్తాది బాబూ?”

ముక్కు పైకెత్తి నిలబడ్డ కారులో నూనె వెనక్కి జారుతుంది. గేజీ ఏ మూలన ఉందో దాన్నిబట్టి లేనిది ఉన్నట్టో, ఉన్నది లేనట్టో చూపిస్తుంది. చివరికి ముగ్గురం లారీ కాటా దగ్గరికి పోయాం. కాటా బల్లంత చదునుగా నేల ఇంకెక్కడ దొరుకుతుంది? కాటా కుర్రాడు అలవాటుగా తూకం చీటీ కూడా చింపి ఇచ్చాడు. డబ్బులు పుచ్చుకోలేదు, ఫోటో దిగాడు.

ఇంజను వేడెక్కి ఉంది. ఆపి, పైన ముడతల్లో ఉన్న నూనె కిందికి దిగేదాకా పది నిమిషాలు ఆగాలి. ఇది మెకానిక్ మాట, కారు పుస్తకంలో మాట కూడా. ఆ తరవాత గేజీ తీసి బనియన్ గుడ్డతో తుడిచాడు. దారప్పోగుల వేస్టు వద్దన్నాడు, పోగు లోపలికి పోతే మళ్ళీ తియ్యలేం. చివరంటా గుచ్చి, మళ్ళీ లాగి, అడ్డంగా పట్టుకుని రెండు వైపులా చూశాడు. కింద గీత, పైన గీత. చాలా కార్లలో ఆ రెంటి మధ్య దూరం సుమారు లీటరు. నూనె పైగీత దాటి మరో వేలెడంత పైకి అంటుకుని ఉంది.

“కారడం మాట అటుంచి ఎక్కువే ఉంది కదా మావయ్యా, మంచిదే!” అన్నాడు మావాడు.

ఈ 'మంచిదే' మన జావా, రాజ్‌దూత్, పాత స్కూటర్ల కాలం నుంచి వచ్చిన బుద్ధి. ఆ టూస్ట్రోక్ బళ్ళలో ఆయిలు పెట్రోల్లోనే కలిపి కాల్చేవాళ్ళం. ఓ చుక్క ఎక్కువైతే పొగ వచ్చేది, అంతే. ఫోర్‌స్ట్రోక్ ఇంజనుకి ఆ సహనం లేదు. నూనె మరీ పైకొస్తే తిరిగే క్రాంక్ అందులో మునిగి కవ్వంలా చిలుకుతుంది. నురగ లేస్తుంది. పంపు ఆ నురగనే తోడి పంపితే బేరింగుల మధ్య నిలవాల్సిన పొర నిలవదు. అంటే ఎక్కువ పోసినా చివరికి తక్కువైనప్పటి జబ్బే. సీళ్ళు కారడం, నీలం పొగ అదనం. ఎవరు పోశారో వాడు చెప్పలేదు, నేనూ అడగలేదు. పోసే చెయ్యి ఎవరిదైనా 'ఇంకాస్త' అనడమే దానికి తెలుసు.

అసలు చల్లని ఇంజనులో గేజీని నమ్మి నూనె పోయడం ఎంత ప్రమాదమో మా ఊరి పాత బుల్లెట్ యజమానులకి తెలిసినంతగా ఎవరికీ తెలీదు. ఇనుప ఇంజను బుల్లెట్‌లో ఆయిలుకి వేరే అర ఉంటుంది. ఒక పంపు అక్కణ్ణుంచి పంపుతుంది, ఇంకొకటి కిందికి జారినదాన్ని తిరిగి చేరుస్తుంది. పది రోజులు కదలకుండా ఉంటే నూనె మెల్లగా క్రాంక్ దగ్గరికి దిగిపోతుంది. గేజీ తుడిచినట్టు వస్తుంది. 'అయ్యో' అని అరలీటరు పోసి స్టార్ట్ చేస్తే, దిగినదంతా తిరిగొచ్చి బ్రీదర్ గొట్టంలోంచి కక్కుకుంటుంది. అందుకే నాలుగు కిలోమీటర్లు తిప్పి తెచ్చి అప్పుడు చూడమంటారు.

జర్మనీ పోర్షే 911ది కూడా ఇదే కుటుంబం. 1963లో పుట్టిన ఆ కారుకీ ఆయిల్ ట్యాంకు వేరే. మలుపులో దూసుకుపోయేటప్పుడు నూనె ఒక పక్కకి పోగై పంపు నోరు ఎండిపోకుండా ఆ ఏర్పాటు. గాలితో చల్లబడే పాత 911లో ఆయిలు చూడాలంటే ఇంజను బాగా వేడెక్కి, తిరుగుతూనే ఉండాలి. మన మెకానిక్‌లు వింటే తల పట్టుకుంటారు. 1972 మోడల్లో ఆ ట్యాంకు మూతని కుడి తలుపు వెనకాల బయటికే పెట్టారు. పెట్రోల్ బంకుల్లో కుర్రాళ్ళు అది పెట్రోల్ మూత అనుకుని పోసేశారు. మరుసటి ఏడాదే కంపెనీ దాన్ని మళ్ళీ లోపలికి తోసేసింది. బంకు కుర్రాడు ఏ దేశంలోనైనా బంకు కుర్రాడే. ఈ బాధలేవీ లేని రేసు 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున జరిగింది. ఫార్ములా-ఈ, అన్నీ కరెంటు కార్లు. అక్కడ గేజీ లాగే పనే లేదు. మా మెకానిక్‌కి చెబితే నాకేసి జాలిగా చూశాడు.

తక్కువైతే పావులీటరు పోసి, ఆగి, చూసి, మళ్ళీ పోస్తే సరిపోతుంది. ఎక్కువైతేనే తంటా. కింద బోల్టు వదులు చేస్తే వేడి నూనె మోచేతి దాకా వస్తుంది, ఎంత పోయిందో లెక్క తెలీదు. మెకానిక్ గేజీ కన్నంలోంచి సన్నటి ప్లాస్టిక్ గొట్టం దింపి, పశువులకి మందు పట్టే పెద్ద సిరంజితో కొంచెం కొంచెంగా లాగాడు. నోటితో పీల్చే వీరులూ ఉన్నారు, వాళ్ళ సంగతి వద్దు. లాగినప్పుడల్లా రెండు వేళ్ళ మధ్య రుద్ది వాసన చూశాడు. పెట్రోలు కంపు కొడితే, పాలలా తెల్లబారితే, పొయ్యకుండానే నూనె పెరిగిందని అర్థం. అది వేరే రోగం, మరి పెద్ద ఖర్చు. మావాడి అదృష్టం, అలాంటిదేం లేదు. మూడోసారి గేజీ లాగేసరికి నూనె పైగీతకి కాస్త కిందికి వచ్చింది.

తీసిన నూనె సీసాలో పట్టాం. కాటా కుర్రాడు అది నాకిచ్చేయండి అన్నాడు. వాళ్ళింటి గుమ్మాలకి చెదలట, రాస్తానన్నాడు. మావాడు లీటరు ధర గుర్తొచ్చి ఒక్క క్షణం తటపటాయించాడు గాని, తూకం చీటీ ఊరికే ఇచ్చినవాడు కదా, ఇచ్చేశాడు.