చక్రములమీది సంసారము

అమెరికా దేశమునందు సెలవు దినములు వచ్చినచో కొందఱు గృహస్థులు హోటళ్లను వెదకుకొనక, ఒక చిన్న యింటినే కారు వెనుక తగిలించుకొని పోవుదురు. దీనిని ట్రావెల్ ట్రైలరందురు. మంచములు, పొయ్యి, నీళ్లతొట్టి, స్నానపుగది, రిఫ్రిజిరేటరు అన్నియు నందే యుండును. 2022 జూలైలో మేము అట్టి బండినొకదానిని అద్దెకు తీసికొని, అరిజోనా రాష్ట్రమునందలి ఫీనిక్సునుండి గ్రాండ్ కాన్యనుకు పోయి వచ్చితిమి. మావారును, పదేండ్ల మా అమ్మాయియు, విజయవాడనుండి వచ్చియున్న అత్తగారును గలిసి మేము నలుగురము.

ఆ మహాలోయ యందమును వర్ణించినవారు పెక్కురు గలరు. మేము చెప్పదలచినది అచ్చట మా రిఫ్రిజిరేటరు పని మానిన సంగతి. ఇది నవ్వదగిన విషయముగా తోచవచ్చును. కాని అత్తగారు చక్కెరవ్యాధికి ఇన్సులిను తీసికొనువారు. స్వదేశమునుండి తెచ్చుకొన్న మూడు నెలల మందును విడిచి వచ్చుటకు ఆమె యొప్పుకొనలేదు. ఆ సీసాలన్నియు పాలగిన్నె ప్రక్కనే యుండెను. అవి పాడైనచో, మన వైద్యుడిచ్చిన చీటీ ఆ దేశపు మందులకొట్లలో చెల్లదు.

ఫీనిక్సు సముద్రమట్టమునకు సుమారు 1,100 అడుగుల యెత్తున నున్నది. మేము బయలుదేరిన యుదయమునకే వీథులు పెనమువలె కాలుచుండెను. ఉత్తరపు దారిలో చేతులు పైకెత్తి నిలిచిన మనుష్యులవలె సవారో యను పెద్ద జెముడు చెట్లు కొంతదూరము కనబడినవి. దారి యెక్కినకొలది అవి పలుచబడి మాయమై, ఫ్లాగ్‌స్టాఫ్ పట్టణము చేరుసరికి పైను వృక్షముల యడవి వచ్చెను. గాలి చల్లబడెను. అత్తగారు శాలువ కప్పుకొనిరి. లోయ దక్షిణపు గట్టున మా విడిది ఇంచుమించు 7,000 అడుగుల యెత్తున నుండెను.

అచ్చట ప్రతి బండికిని ఒక కరెంటు స్తంభము కలదు. మావారు బండి తీగను దానికి తగిలించిరి. అమ్మాయి రంగుదీపముల తోరణమొకటి తెచ్చి, బండి వెలుపలి గోడకున్న సాకెట్టులో పెట్టి, పందిరికి వ్రేలాడదీసెను. ఆ ప్రాంతమున జూలై, ఆగస్టు మాసములలో ఉఱుములతో వానలు కురియుట పరిపాటి. ఆ సాయంకాలమును పెద్దవాన కురిసెను. తోరణము ఆరిపోయెను. వానకు ఆరినదిలెమ్మని నిద్రపోతిమి.

మఱునాడు ఉదయమే లోయను చూడబోయితిమి. దాని పొడవు 277 మైళ్లు. లోతు సుమారొక మైలు. కొన్నిచోట్ల వెడల్పు 18 మైళ్లు. ఇంతటిని కోసిన కొలరాడో నది పైనుండి చూచువారికి నూలుపోగువలె కనబడును. అత్తగారు చాలసేపు మాటలేక నిలిచి, "మన కృష్ణమ్మ కొండను చీల్చుకొని పోయినదందురు గాని, ఇంత లోతు తవ్వలేదే అమ్మాయీ" అనిరి.

సాయంకాలము తిరిగి వచ్చి తలుపు తెఱచితిమి. వెన్న మెత్తబడియుండెను. పెరుగు పులిసెను. లోపలి ఉష్ణమాపకము 12 డిగ్రీల సెంటీగ్రేడు చూపుచుండెను. రిఫ్రిజిరేటరు నొసట ఒక యెఱ్ఱదీపము వెలుగుచుండెను. ఇంటిదీపములు బాగుగనే వెలుగుచున్నవి గావున, కరెంటున్నది, యంత్రమే చెడినదని మావారు నిశ్చయించిరి. బండి యజమానికి ఫోను చేయగా, రెండు దినములకు మనిషిని పంపెదననెను.

మందు కాగితము తీసి చదివితిమి. తెఱవని సీసాలు 2 మొదలు 8 డిగ్రీలలోపల నుండవలెను. వెచ్చదనమునకు వచ్చినవి, మందు రకమునుబట్టి, సుమారు నాలుగు వారములకే పనికివచ్చును. గడ్డకట్టినవి పాఱవేయవలసినదే. అంగడినుండి మంచు తెచ్చి, సీసాలను తువాలులో చుట్టి, టిఫిను డబ్బాలో పెట్టి, మంచు తాకకుండ నడుమ గుడ్డలుంచితిమి. అత్తగారు "నా మూలమున మీ ప్రయాణము చెడుచున్నది" అని కన్నులు తుడుచుకొనిరి.

ప్రక్క బండిలో డెబ్బదియేండ్ల అమెరికా స్త్రీ యొకరు ఒంటరిగా దిగియుండిరి. మా అలికిడి విని వచ్చిరి. ఆమె రిఫ్రిజిరేటరును ముట్టనేలేదు. మైక్రోవేవు గడియారము వెలుగుచున్నదా యని యడిగిరి. వెలుగుచుండెను. కాబట్టి స్తంభమునుండి కరెంటు బండిలోనికి వచ్చుచున్నదన్నమాట. పిదప చిన్న దీపమొకటి తెచ్చి ప్రతి సాకెట్టునందును పెట్టి చూచిరి. వంటగట్టుమీది సాకెట్టులో వెలుగలేదు.

అప్పుడామె మాకు తెలియని ముఖ్యసంగతి చెప్పిరి. ఇట్టి బండిలో కరెంటు రెండు విధములు. ఇంటిదీపములు, నీటిపంపు, రిఫ్రిజిరేటరును నడపు చిన్న పలక, ఇవి 12 వోల్టుల బ్యాటరీ కరెంటుతో నడచును. గోడ సాకెట్లు స్తంభమునుండి వచ్చు 120 వోల్టులతో నడచును. దీపము వెలిగినంతమాత్రమున సాకెట్టులో కరెంటున్నదని చెప్పరాదు.

స్విచ్చులపెట్టెలో అన్నియు సరిగా నుండెను. రెండు చిన్న బొత్తాములుగల సాకెట్టెక్కడనో చూడుడని యామె యనిరి. అది స్నానపుగదిలో అమ్మాయి తువాలు వెనుక దొరకెను. దీపము అచ్చటను వెలుగలేదు. ఒక బొత్తాము పరీక్షకు, రెండవది మరల కలుపుటకు. కరెంటు దారి తప్పి నీటిలోనికో, మనుష్యుని యొడలిలోనికో సుమారు 5 మిల్లీ ఆంపియర్లు పోయినను ఈ సాకెట్టు తటాలున తెగిపోవును. అంత స్వల్పమును పెట్టెలోని పెద్ద స్విచ్చులు కనిపెట్టజాలవు. ఈ యొక్కటి తెగినచో దానివెంట కలుపబడిన సాకెట్లన్నియు చచ్చును. మా బండిలో వంటగట్టుదియు, వెలుపలిదియు, రిఫ్రిజిరేటరు వెనుకదియు దానివెంటనే యుండెను.

బొత్తాము నొక్కితిమి. నిలువక మరల పైకి లేచెను. అట్లు లేచుచున్నదన్న, కరెంటు ఇంకను ఎక్కడనో కాఱుచున్నదని యర్థము. బలవంతముగా మరల మరల నొక్కరాదని యామె వారించిరి. అమ్మాయికి అప్పుడు తోరణము జ్ఞప్తికి వచ్చెను. స్తంభపు స్విచ్చు నార్పి, తోరణము నూడదీసి, వెలుపలి సాకెట్టును బాగుగ ఆరబెట్టితిమి. ఆ పిమ్మట స్తంభము స్విచ్చు వేసి బొత్తాము నొక్కగా 'టక్కు'మని నిలిచెను. వంటగట్టున దీపము వెలిగెను.

అయితే కరెంటు పోయినను గ్యాసుతో నడువవలసిన యంత్రమేల యాగెను? ఈ రిఫ్రిజిరేటర్లలో తిరుగు మోటారు లేదు. అమ్మోనియా, నీరు, హైడ్రోజను గొట్టములలో నుండగా, చిన్న మంటయో, కరెంటు వేడిమియో వానిని కదలించి చలువ పుట్టించును. 1922లో స్వీడను దేశమునందు ఇద్దఱు విద్యార్థులు కనిపెట్టిన పద్ధతి యిది. కరెంటు పోగానే మా యంత్రము తనంతట గ్యాసు వెలిగించుకొనవలెను. కాని 5,500 అడుగులు దాటిన యెత్తున గాలి పలుచనై మంట సరిగా నిలువకపోవచ్చునని దాని పుస్తకములోనే వ్రాసియున్నది. మంట నిలువలేదని తెలుపుటకే యా యెఱ్ఱదీపము.

ఆమె పోవుచు మఱియొక లోపము చూపిరి. రసమట్టమును లోపలి పలకమీద పెట్టగా బుడగ ఒక ప్రక్కకు పోయెను. బండి వాలియుండెను. ఆ గొట్టములలో ద్రవము పల్లమునకు దిగివచ్చుటచేతనే పని జరుగును. వాలులో నడపినచో ద్రవము నిలిచి, కాలక్రమమున గొట్టములు శాశ్వతముగా పూడిపోవును. మావారు కారును మరల తగిలించి ఎడమ చక్రముల క్రింద పలకలు వేసి యెక్కించిరి. బండి మట్టమయ్యెను.

ఇట్టి యంత్రము చల్లబడుటకు గంటలకొలది పట్టును. ఆ రాత్రి అత్తగారు రెండుసార్లు లేచి తలుపు తెఱవబోయిరి. తెఱచినచో ఉన్న చలువయు పోవునని చెప్పి పడుకొనబెట్టితిమి గాని, మాకును నిద్ర పట్టలేదు. తెల్లవాఱి చూడగా 4 డిగ్రీలు. అత్తగారు సీసాలను తామే లోపల పెట్టుకొని, "ఇక సూర్యోదయము చూడబోవుదము పదండి" అనిరి. ఆ ముసలామె ప్రతిఫలమేమియు పుచ్చుకొనలేదు. పులిహోర మాత్రము రెండవమాఱు అడిగి తినిరి. ఫీనిక్సుకు వచ్చినపిదప మందులకొట్టువారి నడిగి, వెచ్చబడిన సీసాలకు గుర్తుపెట్టి వానినే ముందుగా వాడితిమి.

సోదరీమణులారా! ఇట్టి బండిలో ప్రయాణము చేయువారు మొదటి దినముననే బొత్తాముల సాకెట్టెక్కడ నున్నదో చూచికొనుడు. రిఫ్రిజిరేటరును ముందునాడే చల్లబఱచుడు. మందున్నచోట ఉష్ణమాపకముంచుడు. అమ్మోనియా వాసన వచ్చినను, వెనుక పసుపుపొడి కనబడినను యంత్రమును ఆర్పి, కిటికీలు తెఱచి, బయటికి వచ్చి, పనివానిని పిలువుడు. అది మనము చేయదగిన పని గాదు. తక్కినవి యింటి యిల్లాలు కన్ను పెట్టి చూడదగినవే. ఏ సామాను ఏ కరెంటుతో నడచునో తెలియకపోవుటయే ఆ సాయంకాలము మమ్ము కంగారుపెట్టినది.

అత్తగారు విజయవాడకు తిరిగిపోయిన నెలకు ఫోను చేసిరి. వానాకాలపు రాత్రి యింటిలో ఫ్రిజ్జు ఆగినదట. మామగారు మెకానిక్కును పిలువబోవుచుండగా ఆమె యాపి, వాకిటి మెట్లదీపము తడిసినదేమో చూడుడని చెప్పిరట. తడిసియే యుండెనట.