బోడో పట్టణము, దాని పసుపు జట్టు

ఉత్తరధ్రువవృత్తమును దాటి కొంతదూరము పోయిన పిమ్మట, ఒకవంక వెస్ట్‌ఫ్యోర్డ్ సముద్రశాఖయు, వేఱొకవంక కొండల వరుసలును కాపుగాయుచుండగా, చదునైన యొక నేలముక్కపై బోడో పట్టణము నిలిచియున్నది. నార్వేదేశమున ఉత్తరాభిముఖముగా సాగు నార్డ్‌లాండ్ రైలుమార్గము 1962లో ఇచ్చటికి చేరి ఇచ్చటనే ఆగిపోయినది. ఇంకను ఉత్తరమునకు పోదలచినవారు ఓడనో, బస్సునో, విమానమునో ఆశ్రయింపవలసినదే. జూన్ తొలివారము మొదలుకొని జూలై తొలివారము వఱకు ఇచ్చట సూర్యుడు అస్తమింపడు. డిసెంబరులోనో, మధ్యాహ్నపువేళ దక్షిణపు కొండలమీద కొంతసేపు కానవచ్చు మసకవెలుగే పగలు. అయినను దక్షిణసముద్రములనుండి వచ్చు వెచ్చని ప్రవాహము మహిమచే రేవు గడ్డకట్టదు. నడిశీతకాలమునను పడవలు వచ్చుచు పోవుచునే యుండును.

ఇంచుమించు యాబదిమూడు వేల జనముగల ఈ పురపాలక ప్రాంతము పేరు నేడు రోము, లండను, మిలాను నగరముల వీథులలో వినబడుటకు కారణము బోడో/గ్లిమ్ట్ అను ఫుట్‌బాల్ జట్టు. ఆ జట్టు కథను ఆటకథగా మాత్రమే చెప్పుట అన్యాయమగును. తన సొత్తు తనకు దక్కక, తన మాట దక్షిణాదివారి చెవికెక్కక, రెండువందల యేండ్లుగా పెనుగులాడిన యొక ప్రాంతము తన స్థానమును తాను గెలిచికొన్న కథ యది.

పట్టణము పుట్టుకయే అట్టిది. ఉత్తరసముద్రతీరమున జాలరులు పట్టిన కాడ్ చేపయంతయు శతాబ్దములపాటు దక్షిణాన బెర్గెన్ నగరపు వర్తకుల చేతికి పోయెడిది. ధర నిర్ణయించువారు వారు, అప్పిచ్చువారు వారు, లాభము తినువారును వారే. ఆ పట్టును సడలించి ఉత్తరాదికి తనదైన వర్తకస్థానమును కల్పింపవలెనను తలంపుతో 1816లో బోడోకు పట్టణాధికారము లభించినది. ఆ చేపను గూర్చి కొంత చెప్పవలెను. ఫిబ్రవరి మొదలు వసంతము వఱకు, తల తీసి కడుపు చీల్చిన కాడ్ చేపలను తోకలవద్ద రెండేసిగా జతకట్టి, తీరము పొడవునను నిలిపిన కొయ్యపందిళ్లపై వ్రేలాడదీయుదురు. మన కోస్తాలో ఉప్పు పట్టించి ఇసుకపై ఎండవేయు చేపవంటిది కాదది. ఉప్పును లేదు, మండుటెండయు లేదు, అటు గడ్డకట్టింపక ఇటు కుళ్లనీయక వీచు చలిగాలియే మాసముల తరబడి దానిని కొయ్యవలె గట్టిపఱచును. అట్లు గట్టిపడిన సరకు ఇటలీ మున్నగు దూరదేశముల వంటశాలలకు ఎన్నో తరములనుండి పోవుచున్నది.

పట్టణము మెల్లగా పెరిగినది. హెర్రింగ్ చేపలు విరివిగా దొరకిన పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధమున దానికి కొంత జీవము వచ్చెను. పిమ్మట 1940 మే 27వ తేదీన జర్మను విమానములు కురిపించిన బాంబులకు, వానివలన రేగిన మంటలకు, కొయ్యయిండ్లతో నిండిన పట్టణమధ్యభాగము చాలవఱకు బూడిదయ్యెను. నిలువనీడ లేనివారికి పొరుగుదేశమైన స్వీడన్ సాయముతో నిర్మింపబడిన పేట నేటికిని ‘స్వీడిష్ పట్టణ’మను పేరుతోనే పిలువబడుచున్నది. యుద్ధానంతరము కట్టిన కాంక్రీటు వీథులలో పూర్వపు సొగసు వెదకువారు నిరాశ చెందుదురు. నాకు మాత్రము ఆ సాదా కట్టడములయందే ఈ పట్టణపు ధైర్యము కానవచ్చును. ఉన్నదంతయు పోయినచోటనే మరల ఇల్లు కట్టుకొనుటకంటె మించిన స్థలాభిమానము వేఱేమి యుండును? తరువాతి దశాబ్దములలో బోడో విమానస్థావరము అట్లాంటిక్ కూటమికి ప్రధానమైన కావలిచోటాయెను. 1960 మే 1న పెషావరునుండి బయలుదేరి సోవియట్ గగనమున కూల్చబడిన అమెరికా గూఢచారి విమానము చేరవలసిన గమ్యము ఈ పట్టణమే.

పట్టణమునకు ముప్పది కిలోమీటర్ల దూరమున సాల్ట్‌స్ట్రామెన్ అను ఇఱుకు జలసంధి కలదు. మూడు కిలోమీటర్ల పొడవు, నూటయేబది మీటర్ల వెడల్పుగల ఆ సందులో, ఆఱేసి గంటలకొకమారు పోటును పాటును మారినప్పుడెల్ల నలువది కోట్ల ఘనమీటర్ల నీరు ఉఱుకులు పరుగులుగా పోవుచు, చూచుచుండగనే సుడులు తిరిగి, ఆ సుడులు విచ్చి, మరల వేఱొకచోట లేచును. గట్టున నిలిచి గాలమువేయువారికి ఆ హోరులో పక్కవాని మాట వినబడదు.

ఇక జట్టు మాట. 1916 సెప్టెంబరు 19న గ్లిమ్ట్ అను పేర క్లబ్బు వెలసినది. అదే పేరుగల మఱియొక క్లబ్బు దేశమున నుండుటచే 1948లో పట్టణనామమును ముందుచేర్చిరి. క్లబ్బు ఏర్పడినంతమాత్రమున ఆడుటకు అధికారము లభింపలేదు. ఉత్తరనార్వే జట్లకు 1963 వఱకు జాతీయ కప్పు పోటీలలో ప్రవేశములేదు; అగ్రశ్రేణి లీగులో 1972 వఱకు స్థానములేదు. దూరమెక్కువ, ప్రయాణవ్యయమెక్కువ, ఆటలో పసతక్కువ అని సమాఖ్య పెద్దలు చెప్పిరి. ఆడనిచ్చి చూడకుండ పస తక్కువని నిర్ణయించుట ఏ న్యాయమో ఊహకందదు! యుద్ధానంతరపు ఓస్లోలో గది అద్దెకిచ్చువారు ఉత్తరాదివారు రావలదని పత్రికలలో ప్రకటించిన రోజులవి. ఆటమైదానపు తలుపు మూసిన చేయి, అద్దెగది తలుపు మూసిన చేయి ఒక్కటే యని ఉత్తరాదివారు గ్రహింపకపోలేదు.

తలుపు తెఱచిన తరువాతను గడప ఎత్తుగనే యుండెను. దక్షిణాదిలో రెండవశ్రేణి విజేతలు నేరుగా పైకి పోవుచుండగా, ఉత్తరాది విజేత మాత్రము దక్షిణాది రెండవస్థానపు జట్లతో మరల పోరాడి నెగ్గవలెను. గ్లిమ్ట్ 1974లోను, 1975లోను తన విభాగమున ప్రథమస్థానము నందియు ఆ నిబంధన వలననే క్రిందనుండిపోయెను. అదే 1975లో, రెండవశ్రేణి జట్టుగానే, ఓస్లోలో వార్డ్ హౌగెసుండ్ జట్టుపై రెండు గోళ్లతో నెగ్గి, జాతీయ కప్పును తొలిసారి ఉత్తరాదికి కొనిపోయినది. దేశపు కప్పును గెలుచుకొనియు అగ్రశ్రేణికి అనర్హమైన జట్టుకంటె ఆ నిబంధనకు వేఱు ఖండనము అక్కరలేదు. 1977లో అగ్రశ్రేణిలో అడుగిడినదే తడవుగా లీగులోను కప్పులోను ద్వితీయస్థానము పొందినది.

పసుపు చొక్కాల ఆ జట్టుకు ప్రేక్షకులు పట్టు చిహ్నము పండ్లుతోము పెద్ద కుంచె. డెబ్బదుల దశకమున అభిమానులచేత పాటలు పాడించు నాయకుడొకడు చేతనొక కుంచెను పట్టి తాళము నడపెనట. నాటినుండి మనిషంత పొడవుగల పసుపు కుంచెలు ఆస్ప్‌మీరా క్రీడాంగణపు మెట్లపై ఊగుచున్నవి. ఎనిమిదివేలమందికి మించి పెద్దగా పట్టని ఆ క్రీడాంగణమున, సముద్రపుగాలి మంచుపొడిని అడ్డముగా కొట్టుచుండగా, ఉన్నిటోపీలు చెవులపైకి లాగికొని గొంతెత్తి పాడువారిలో మూడు తరములవారును కలసియుందురు. పైపెచ్చు, ఆటగాండ్రలోను తరములు కలవు. హాలండులో పేరుగాంచి స్వస్థలమునకు మరలివచ్చిన హారాల్డ్ బెర్గ్ 1975 కప్పు జట్టువాడు. అతని కుమారులు రునార్, ఓర్యన్ ఈ పసుపు చొక్కాయే తొడిగిరి. ఓర్యన్ కుమారుడు పాట్రిక్ నేటి సారథి.

ఉత్థానముల నడుమ పతనములు లేకపోలేదు. ఎనుబదుల దశకమున జట్టు మూడవశ్రేణికి జారెను. 1993లో మరల కప్పు గెలిచి, మఱుసటియేట ఇటలీ సాంప్డోరియాను స్వస్థలమున 3–2తో ఓడించెను. 2005లోను, 2009లోను, 2016లోను అగ్రశ్రేణినుండి వెడలగొట్టబడెను. 2010 ప్రాంతమున క్లబ్బు ఋణభారమున మునిగి, ఆటగాండ్రకు జీతములు చెల్లక, మూతబడు స్థితికి వచ్చినప్పుడు, పట్టణవాసులు విరాళములు పోగుచేసి నిలబెట్టిరి. ఖాళీ సీసాలు తిరిగి ఇచ్చి వచ్చిన చిల్లరను గూడ అందులో వేసిరి.

నేటి ప్రాభవమునకు మూలపురుషుడు 2018లో ప్రధాన శిక్షకుడైన క్యెటిల్ క్నుట్సెన్. ఆయనకు తోడుగ, యుద్ధవిమానములు నడపిన బ్యోర్న్ మన్స్‌వెర్క్ ఆటగాండ్ర మనఃశిక్షణకై పూనుకొనెను. గెలుపోటములను, పట్టికలోని స్థానమును లక్ష్యముగ పెట్టుకొనక, చేయవలసిన పనిపైననే చిత్తమును నిలుపుట వారి పద్ధతి. గోలు పడినప్పుడు తలవంచి విడివిడిగా నడచిపోవుట ఆ జట్టున కానరాదు. పదునొకండుగురును వలయముగ జేరి, భుజములపై చేతులు వేసికొని, ఏమి జరిగినదో నాలుగు మాటలలో తేల్చికొని మరల విడిపోవుదురు. ఆ వలయము పట్టు కాలము అర నిమిషమునకు మించదు. దాని ఫలితము నార్వే ఫుట్‌బాలును తలక్రిందులు చేసినది. 2018లో పదునొకండవ స్థానమునున్న జట్టు 2019లో రెండవదై, 2020లో 30 ఆటలకు 103 గోళ్లతో, 81 పాయింట్లతో, ఒకే యొక ఓటమితో దేశవిజేతయై, ఉత్తరాదికి తొలి లీగు కిరీటమును తెచ్చెను. 2021, 2023, 2024 సంవత్సరములలోను కిరీటము దానిదే.

2021 అక్టోబరు 21న రోమా జట్టు ఇచ్చట 6–1తో పరాజితమయ్యెను. సుప్రసిద్ధుడైన మొరీనియో శిక్షణలోని జట్టొకటి ఆఱు గోళ్లు సమర్పించుకొనుట అదే మొదలు. ఆనాడు ఆయన ముఖ్యులను చాలమందిని ప్రక్కనుంచెనని కొందఱు తక్కువచేసి చెప్పుదురు. రెండువారములకు రోములోనే 2–2గా నిలిచి, మఱుసటి వసంతమున స్వస్థలమున 2–1తో మరల నెగ్గిన జట్టుకు ఆ మాట తగదు. 2025లో లాజియోను పెనాల్టీలలో దాటి, యూరోపా లీగు సెమీఫైనలు చేరిన తొలి నార్వే జట్టయ్యెను. టాటెన్‌హామ్‌తో జరిగిన ఆ పోరుకు టిక్కెట్లు దొరకక ఒక అభిమాని అయిదు కిలోల అరయెండు చేపనిచ్చి టిక్కెట్టు సంపాదించుకొనెను. ఆ పోరు ఓడినను, అదే యేటి వేసవిలో ఆస్ట్రియా దేశపు స్టుర్మ్ గ్రాజ్‌ను 5–0తో చిత్తుచేసి ఛాంపియన్స్ లీగు ప్రధానదశలో ప్రవేశించెను.

ఇంతటి జట్టున కోట్లు వెచ్చించి కొనితెచ్చిన వారికంటె ఇచ్చటనే పుట్టిపెరిగినవారు, పోయి తిరిగివచ్చినవారే ముఖ్యులు. పాట్రిక్ బెర్గ్ 2022 ఆరంభమున ఫ్రాన్సు దేశపు లాన్స్ జట్టుకు పోయి ఆ యేటనే మరలివచ్చెను. 2020లో మిలాను మైదానమున ప్రతిభ చూపి ఆ మిలాను జట్టుకే అమ్ముడుపోయిన యెన్స్ పెట్టెర్ హౌగె, జర్మనీ, బెల్జియములు తిరిగి, 2024లో స్వస్థలము చేరెను. ఆ యేటి సెప్టెంబరున పోర్టో జట్టుపై పదిమందితో ఆడి 3–2తో నెగ్గినప్పుడు, అందులో రెండు గోళ్లు అతనివే.