ఆటోనగర్‌లో ఒక ఎడమ చక్రం

విజయవాడ ఆటోనగర్‌లో ఏ వీధిలో ఏ పని జరుగుతోందో కళ్ళు మూసుకున్నా తెలుస్తుంది. సమ్మెట మోత వినపడితే కమాన్ కట్టల వాళ్ళు, సన్నటి కీచు వినపడితే లేత్ షాపులు. 1966లో మొదలైన ఈ పేటకి లారీలే ప్రాణం. చిన్న కార్లు చూసే షెడ్లు లోపలి సందుల్లో ఉంటాయి. మా బావ తన 1998 మోడల్ మారుతి 800ని అలాంటి ఒక షెడ్డుకి తీసుకెళుతుంటే నేనూ ఎక్కాను.

బండి జబ్బు చిన్నదే, మొండిది. ముందు ఎడమ చక్రం ప్యాడ్లు ఏడాది తిరక్కుండానే రేకు దాకా అరిగిపోతున్నాయి. కుడివైపువి సగమైనా అరగలేదు. ఒకరు ప్యాడ్లు మార్చారు, ఇంకొకరు వీల్ అలైన్‌మెంట్ చేశారు, మూడో ఆయన కాలిపర్ మొత్తం తీసెయ్యాలన్నాడు.

ఇక్కడి మేస్త్రి బండి వైపు చూడకుండానే అడిగాడు: "తీసేసిన ప్యాడ్లు ఉన్నాయా సార్?"

మా బావ దేన్నీ పారేసే మనిషి కాదు. డిక్కీలోంచి కవరు తీసిచ్చాడు. మేస్త్రి వాటిని బల్ల మీద జతలుగా పేర్చి, బొటనవేలితో అంచులు తడిమాడు. ఈ కారు ముందు డిస్కుకి పిస్టన్ లోపలివైపే ఉంటుంది. అది లోపలి ప్యాడ్‌ని నొక్కితే, కాలిపర్ రెండు పిన్నుల మీద జరిగి బయటి ప్యాడ్‌ని లాక్కొస్తుంది. పిన్నులు పట్టేస్తే రెండు ప్యాడ్లూ ఒకేలా అరగవు. ఒకటి పల్చబడి రెండోది మందంగా మిగులుతుంది, లేదా ఏటవాలుగా అరుగుతుంది. మా జతలో రెండూ సమానంగా అరిగాయి. అంటే కాలిపర్ బాగానే జరుగుతోంది, కాకపోతే నొక్కిన పట్టు వదలడం లేదు. పాత ప్యాడ్లు ఇంత చెప్పగలిగినప్పుడు వాటిని చూడకుండా చెత్తబుట్టలో వేసి కొత్తవి బిగించడం వైద్యం కాదు, వ్యాపారం.

"బ్రేక్ కొట్టగానే ఎటు లాగుద్ది?"

"ముందు కుడికి. కాలు తీశాక కాసేపు ఎడమకి" అన్నాడు బావ. ఈ రెండు మాటలూ కలిపి ఇంతవరకు ఎవరూ అడగలేదట.

వెనక చక్రాలకు అడ్డుకట్టలు పెట్టి, ముందు భాగాన్ని జాకీతో లేపి స్టాండ్ల మీద దించారు. కుర్రాడు పెడల్ తొక్కి వదిలాడు. కుడి చక్రం చేత్తో తిప్పితే తిరిగింది. ఎడమది బిగుసుకునే ఉంది. మేస్త్రి మడ్‌గార్డు లోపలికి చెయ్యిపెట్టి, ఇనప ట్యూబూ రబ్బరు హోసూ కలిసేచోట నట్టు వదులు చేశాడు. ఆయిల్ కారింది, చక్రం మాత్రం కదల్లేదు. లోపం మాస్టర్ సిలిండర్‌దైతే ఇక్కడే వదిలేసేది. ఆ నట్టు బిగించి, మళ్ళీ తొక్కించి, ఈసారి కాలిపర్ మీది బ్లీడర్ నిప్పుల్ తిప్పాడు. చిర్రున ఆయిల్ చిమ్మింది. చక్రం వదిలేసింది. పిస్టన్ తుప్పుపట్టి ఇరుక్కుని ఉంటే ఇక్కడా వదిలేది కాదు. మిగిలింది ఆ రెండింటి మధ్యనున్న జానెడు హోసు.

పైకి చూస్తే దాని మీద చిన్న పగులు కూడా లేదు. ఊడదీసి బ్లేడుతో నిలువునా చీలిస్తే తెలిసింది. లోపలి రబ్బరు ఉబ్బి, సందు సూదిబెజ్జమంత మిగిలింది. కాలితో తొక్కే బలానికి ఆయిల్ ఎలాగో అటు చేరుతుంది, కాస్త ఆలస్యంగా. అందుకే బండి మొదట కుడికి లాగేది. తిరుగు ప్రయాణానికి తోసేవాళ్ళు లేరు. పిస్టన్ చుట్టూ ఉన్న రబ్బరు సీలు మెలిపడి, మళ్ళీ సర్దుకునేటప్పుడు లాగే ఆ కాసింత లాగుడే దిక్కు. అది చాలక ప్యాడ్ డిస్కుని రాసుకుంటూనే ఉండేది.

వెనక డ్రమ్ములు కూడా విప్పించాడు. వెనకవి పని చెయ్యకపోతే భారమంతా ముందువాటి మీదే పడుతుందని. కుర్రాడు గాలిపైపు పట్టుకుని దుమ్ము ఊదబోతే మేస్త్రి కసిరాడు. పాత లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉండేది, అది ఊపిరితిత్తుల్లోకి పోతే మందు లేదు. తడిగుడ్డతో తుడిపించాడు. అక్కడ ముందు షూ వెనక షూ కంటే ఎక్కువ అరిగి కనిపించింది. ఇదీ తేడానే కదా అన్నాను. "అది మామూలే సార్. డ్రమ్ము తిరిగేటప్పుడు ఆ షూని తనలోకి లాక్కుంటది. రెండూ సమానంగా అరిగితే అప్పుడు అనుమానపడాలి" అన్నాడు.

డబ్బాలోని బ్రేక్ ఆయిల్ టీ డికాక్షన్ రంగులో ఉంది. ఇది గాలిలోని చెమ్మను పీల్చుకునే రకం. డాట్ 3 అయితే కొత్తప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు. చెమ్మ పట్టాక ఆ హద్దు 140కి దిగుతుంది. రెండేళ్ళకోసారి మార్చమనేది అందుకే. బెజవాడ ఉక్కపోతలో రెండేళ్ళు కూడా ఎక్కువేనని నా ఉద్దేశం.

కుడి హోసు బాగానే ఉంది కదా, ఎందుకు మార్చడం అని బావ బేరం పెట్టాడు. రెండూ ఒకే వయసువి అన్నాడు మేస్త్రి, అంతకంటే వాదించలేదు. రెండు హోసులూ, రెండువైపులా ప్యాడ్లూ, కొత్త ఆయిలూ వేసి గాలి తీయించాడు. డిస్కు మందం కొలిచి, అది ఇంకా పనికొస్తుందన్నాడు. కాలిపర్ మార్చనేలేదు.