ఎముకల నాట్యము

అక్టోబరు మాసాంతమున పాశ్చాత్యులు హాలోవీనను పేర దయ్యముల పండుగ చేసికొందురు. అప్పటికి మన మహాలయామావాస్య గడచిపోయియుండును. ఆ పండుగ మనకు కావలెనని మేము చెప్పబోము. కాని యా దినములలో వారు మరల మరల చూచుకొనెడు పాతకాలపు బొమ్మల చిత్రములు కొన్ని గలవు. వానిని మేమును ఏటేట చూచుచున్నాము. గడివేములలో మా యింటి సున్నపుగోడపై పిల్లలకును చూపుచున్నాము.

వానిలో మొదట చెప్పదగినది 1929వ సంవత్సరమున వాల్టు డిస్నీ వెలువరించిన 'స్కెలిటన్ డాన్స్'. బొమ్మలలో నధికభాగము అబ్ ఐవర్క్సు చిత్రించెను; సంగీతము కార్ల్ స్టాలింగుది. ఆఱు నిమిషములకు మించదు. శ్మశానమున గుడ్లగూబ, సమాధులపై పిల్లుల జగడము, పిదప నాలుగు అస్థిపంజరముల చిందు. ఒకటి వేఱొకదాని వెన్నెముకను ఎముకలతో జలతరంగిణివలె వాయించును. కోడి కూయగానే ఒకదానిపై నొకటి పడి గోతిలో దూరును. మాటలు లేవు గావున మా పిల్లలకు అనువాద మక్కఱలేకపోయెను.

'దయ్యములు లేవని బడిలో చెప్పి, ఇంట దయ్యములను చూపుట యెట్టి సంస్కారమయ్యా?' అని కొందఱు పెద్దలు మమ్ము నిలవేసిరి. ప్రశ్న సహేతుకమే. కాని లేవని మేము చెప్పినప్పుడెల్ల పిల్లలు 'ఔను సారూ' అందురు. సాయంకాలము చింతచెట్టును తప్పించుకొని చుట్టుదారిని పోవుదురు. మా యూర నొక యింట జ్వరము తగిలిన బాలికకు గాలి సోకినదని మూడు దినములు తాయెత్తులతోను వేపమండలతోను గడపిరి. నంద్యాలకు వైద్యునియొద్దకు చేర్చునప్పటికి ఆ పిల్లకు స్పృహ లేదు. ఎట్లో బ్రదికినది. ఆ బాలికయే నిరుడు ఆ చిత్రము చూచుచు, మొదట తల్లి కొంగున మొగము దాచుకొని, వెన్నెముక వాయింపు వచ్చునప్పటికి పకపక నవ్వి, 'సారూ, దీనికి కండే లేదు, నన్నెట్ల పట్టుకుంటాది?' అని యడిగినది. మా ఉపన్యాసములలో నే యొక్కటియు ఆ ప్రశ్న పుట్టింపలేదు.

మన తోలుబొమ్మలవారికీ మర్మము చిరకాలముగ తెలియును. కీళ్లు కదలెడు రాక్షసుని నీడ తెరపై బడి పిల్లలు జడిసిన కొంతసేపటికే కేతిగాడును బంగారక్కయు వచ్చి నవ్వింతురు. భవభూతి మాత్రము మాలతీమాధవ పంచమాంకమున శ్మశానము వర్ణించి బీభత్సమును పరాకాష్ఠ నొందించెను; ఆయన నాటకములలో విదూషకుడే లేడు. ఆ యంకము పెద్దవారికే తగును.

పాతచిత్రములన్నియు మాకు సమ్మతములు కావు. 1932 నాటి 'మిన్నీ ది మూచర్'లో తలిదండ్రులతో కలహించి యిల్లు వెడలిన బెట్టీ బూపును దయ్యములు భయపెట్టి యింటికి తరుమును. క్యాబ్ కాలొవే గానము మాకు మిక్కిలి ప్రియము. కాని అన్నము తినని బిడ్డకు బూచిని చూపెడు తల్లుల పద్ధతియే యది. 1937 నాటి 'లోన్సమ్ గోస్ట్స్' మేలు: విసుగెత్తిన దయ్యములు టెలిఫోనులో మిక్కీ ప్రభృతులను పిలిపించి యేడిపించి, తుదకు పాకమును పిండియు పులుముకొని వచ్చిన యా మువ్వురిని జూచి తామే పరుగిడును.

ఈ యేడును చూపుదుము. మమ్ము నిలవేసిన పెద్దలలో నొకరు మనుమని తోడ్కొని వత్తునని కబురంపిరి. చింతచెట్టు దారినే రండని మేము తిరుగు కబురంపితిమి.