లేబర్ పని చెయ్యట్లేదా, మనం చెయ్యనివ్వట్లేదా?

ఇల్లు కట్టించే వాడెవర్ని కదిపినా ఒకటే పాట: "లేబర్ సరిగ్గా పని చెయ్యట్లేదండీ." నాకైతే ఇది సగం నిజం కూడా కాదనిపిస్తోంది.

మా బావమరిది హిమాయత్‌నగర్‌లో ఇల్లు కట్టిస్తున్నాడు. నారాయణగూడ పక్కది కాదండోయ్, మొయినాబాద్ మండలంలో ఉన్న ఊరు. (111 జీవో గొడవ ఇంకోసారి.) ఓ శనివారం అక్కడే కూర్చుని ఎవరు ఎప్పుడు ఏం చేశారో టైముతో సహా రాశాను. టైమ్‌షీట్ల జబ్బు ఊరికే పోతుందా!

9కి ఇద్దరు మేస్త్రీలు, ముగ్గురు కూలీలు దిగారు. ఇసుక వచ్చేసరికి 11. కిటికీ దగ్గరికొస్తే కొలత ఎంతో ఎవరికీ తెలీదు. రెండున్నరకి ఫోన్లో తెలిసింది, కట్టిన మూడు వరసలు పీకారు. చేతిలో పని ఉన్నంతసేపూ ఒక్కరూ ఖాళీగా లేరు. మన భాషలో చెప్పాలంటే అందరూ 'బ్లాక్డ్'.

ఇది మన దగ్గరే కాదు. 2017లో మెకిన్సే లెక్క ప్రకారం, అంతకు ముందు ఇరవయ్యేళ్ళలో ప్రపంచవ్యాప్తంగా నిర్మాణరంగంలో లేబర్ ఉత్పాదకత ఏటా 1 శాతమే పెరిగింది. ఫ్యాక్టరీల్లో 3.6 శాతం.

మరి మెషిన్లు తెస్తే? మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కి.మీ. పి.వి. ఎక్స్‌ప్రెస్‌వేకి (2009) కాంక్రీటు ముక్కలు ముందే పోసి, తెచ్చి అతికించారు. అంత పనికి అది గిట్టుబాటవుతుంది, 200 గజాల ఇంటికి కాదు.

చిన్న సైటుకి పనికొచ్చేది గ్లెన్ బల్లార్డ్, గ్రెగ్ హోవెల్ అనే అమెరికన్లు 1990లలో తెచ్చిన 'లాస్ట్ ప్లానర్'. సామాను, కొలతలు, ముందు జరగాల్సిన పని సిద్ధంగా లేకపోతే ఆ పనిని వచ్చే వారం ప్లానులో పెట్టొద్దు. ఏది అవుతుందో చెప్పాల్సింది చేయించే మేస్త్రీయే. మన స్ప్రింట్ ప్లానింగ్ లాంటిదే.

మేమూ మొదలెట్టాం. మొదటి వారం ఎనిమిది పనులు చదివితే మూడిటికి "ఇది కాదు సార్, సామాను లేదు" అన్నాడు మేస్త్రీ. అంతకుముందు ఆయన్ని అడిగినవాళ్ళే లేరు!

అలాగని అన్నిట్లో తొందర పనికిరాదు. ఐ.ఎస్. 456 ప్రకారం కాంక్రీటు మామూలు సిమెంటుతో అయితే కనీసం 7 రోజులు, ఫ్లైయాష్ కలిసిన దానితో అయితే 10 రోజులు తడిగా ఉండాలి. అక్కడ మిగిల్చిన రోజు రేపు పగులై తేలుతుంది.

ఇంకో మాట. మా పని గుత్తకి ఇచ్చాం. అంటే ఆ రెండు గంటల ఇసుక ఆలస్యానికి కూలి పోయింది మేస్త్రీ జేబులోంచి, మా బావమరిది జేబులోంచి కాదు. బెంచ్ మీదున్నా మనకి జీతం వస్తుంది. పాలమూరు నుంచో ఒడిశా నుంచో వచ్చినవాడికి రాదు. ఉత్పాదకత పెంచాలంటే ముందు ఆ ఖాళీ గంటల ఖర్చు, దానికి కారణమైనవాడే భరించాలి. అప్పుడు ఇసుక 9కే వస్తుంది. ఏమంటారు?