ఉపన్యాసకుల పూర్వాశ్రమం

సన్యాసం పుచ్చుకున్నవారిని పూర్వాశ్రమం గురించి అడగరాదని పెద్దలంటారు. సభల్లో వేదిక ఎక్కేవారి విషయంలో మాత్రం లోకం దీనికి సరిగా ఎదురు నడుస్తుంది. పేరు పక్కన 'రిటైర్డు హెడ్మాస్టరు' అనో, 'మాజీ బ్యాంకు అధికారి' అనో అచ్చుపడితే గాని ఆ పేరుకు నిండుతనం రాదు. హరికథ చెప్పే దాసుగారికి ఈ బాధ లేదు. చిడతలు పట్టి నోరు విప్పితే చాలు, సంగతి తేలిపోతుంది. మరి సరుకు అమ్మేవారు సభ పెట్టుకుంటే, వారి నోట సరుకు కంటే ముందు పాత ఉద్యోగం ఎందుకు పలుకుతుంది? కొంతకాలంగా మమ్మల్ని వేధిస్తున్న ప్రశ్న ఇదే.

రాయవేలూరులో ఇటీవల అటువంటి సభ ఒకటి జరిగితే వెళ్లి వచ్చినాము. 'డైరెక్ట్ సెల్లింగ్' అని దానికి పేరు. దుకాణం, బోర్డు లేకుండా మనిషి మనిషి దగ్గరకే వెళ్లి సరుకు అమ్మటం. అంతవరకు మనకు తెలిసిన పనే. కొత్తదనమల్లా ఏమిటంటే, అమ్మినవాడు తన కింద మరికొందరిని చేర్చుకుంటే వారి అమ్మకంలో కూడా అతనికి భాగం ముడుతుంది. వారు చేర్చిన వారి అమ్మకంలోనూ కొంత.

మేము వెళ్లటానికి కారణం మా మేనకోడలు. గుడియాత్తంలో కాపురం. మగడికి మరమగ్గాల మీద పని, ఆమె ఇంట్లో కుట్టుపని చేస్తుంది. రెండేళ్లు కట్టిన చీటి పాడితే 30,000 రూపాయలు చేతికి వచ్చినాయి. ఆ వారమే, ఒకప్పుడు ఆమె కూతురికి పాఠం చెప్పిన టీచరమ్మ ఇంటికి వచ్చి ఈ వ్యాపారంలో చేరమన్నారు. చేరటానికి పైసా అక్కరలేదట. కాని మొదటి మెట్టు ఎక్కాలంటే ఆ 30,000 కి సరుకు తీసుకోవాలట. "టీచరమ్మకు కాదని ఎట్లా చెప్పేది మామా? పిల్లకు అక్షరాలు నేర్పిన చెయ్యి గదా," అని మా మేనకోడలి బాధ. సభ చూసి వచ్చి మాట చెప్పమన్నది. తానూ వెంట వచ్చింది.

ఆహ్వాన పత్రికలో ఆరుగురు ఉపన్యాసకులు. ఒక రిటైర్డు హెడ్మాస్టరు, ముప్ఫైయేళ్లు నర్సుగా పనిచేసిన ఒకామె, ముందుగానే పదవీ విరమణ పుచ్చుకున్న బ్యాంకు ఆఫీసరు, బెంగుళూరు కొలువు వదిలిన ఇంజనీరు, 'గృహిణి' అని మాత్రం వేసిన ఒక తల్లి, చివర 'వస్త్ర వ్యాపారి' అని వేసిన గుడియాత్తం మగ్గాలాయన. సభలో సగం మంది తెలుగువారే కనుక ఉపన్యాసాలు అరవంలో మొదలై తెలుగులోకి, మళ్లీ అరవంలోకి తిరుగుతూ సాగినాయి.

హెడ్మాస్టరు వేదికనే తరగతి చేసినారు. ఒక్కొక్క వాక్యం ఆయన సగం చెబితే మిగతా సగం సభ అప్పజెప్పాలి. బ్యాంకు ఆఫీసరు నల్లబల్ల మీద మెట్లు గీసి శాతాలు వేసినారు; సంతకం చూసి చెక్కు పాసుచేసిన చెయ్యి కనుక ఆ అంకెలకు ఎదురు అడిగినవారు లేరు. ఇంజనీరు తాను వదిలిన జీతం ఎంతో చెప్పినంత స్పష్టంగా, ఇప్పుడు వచ్చేదెంతో చెప్పలేదు.

నర్సమ్మ మాట వేరు. రాయవేలూరులో ఆ తెల్లబట్టకు ఉన్న విలువ మరో ఊళ్లో ఉండదు. 1900 లో ఐడా స్కడ్డర్ ఒక్క పడకతో మొదలుపెట్టిన వైద్యశాల పెరిగి క్రిస్టియన్ మెడికల్ కాలేజీ అయింది. నెల్లూరు, కడప మొదలుకొని బెంగాలు దాకా రోగులు కాట్పాడి స్టేషనులో దిగి ఆటోవానికి చెప్పే మొదటి మాట అదే. అటువంటి ఊళ్లో నర్సు డబ్బా ఎత్తి చూపితే జనానికి అది మందుగానే కనబడుతుంది. ఆమె జాగ్రత్తపరురాలు. "ఇది ఆహారమేగాని మందు కాదు" అని రెండుసార్లు చెప్పినారు. ఆమె కూర్చోగానే సభలోంచి ఒకాయన లేచి, ఈ పొడితో తన షుగరు దిగిపోయిందని చాటినాడు. చప్పట్లు ఆయనకే ఎక్కువ పడ్డాయి. మధుమేహం మొదలైన రోగాలకు ఫలానాది నయం చేస్తుందని ప్రకటించటాన్ని 1954 నాటి చట్టమే నిషేధించింది. చప్పట్ల మధ్య ఆ చట్టం ఎవరికి వినబడుతుంది?

గృహిణి మైకు పట్టుకున్నప్పుడు ఆమె చెయ్యి వణికింది. పెళ్లయిన పంతొమ్మిదేళ్లకు తన సంపాదనతో తల్లికి చీర కొన్నానని చెప్పి కన్నీరు పెట్టుకున్నది. మా పక్క వరుసలో ఆడవారందరూ కళ్లు తుడుచుకున్నారు. ఆ మాటలో అబద్ధం లేదు. ఇల్లు దాటి నలుగురిలో నిలబడి మాట్లాడే ధైర్యం ఈ పని ఎందరికో ఇచ్చిందని ఒప్పుకోవాలి. దానిని వెక్కిరించేవారితో మేము ఏకీభవించము.

చివర మగ్గాలాయన. ఆయన ఉపన్యాసం ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. "పదహారేళ్లప్పుడు మా నాయన వెంట లుంగీల మూట మోసినాను. పలమనేరు, చిత్తూరు పక్క సంతలకు పోయేవాళ్లం. నాయన ఒక మాట చెప్పినాడు. మొదటిసారి కొన్నవాడు మన మాట చూసి కొంటాడు, రెండోసారి కొన్నవాడు గుడ్డ చూసి కొంటాడు. మీరు కూడా రెండోసారి వచ్చినవాళ్లను లెక్కపెట్టండి," అని కూర్చున్నాడు. చప్పట్లు పలచగా పడ్డాయి.

ఇంటికి వచ్చి ఈ వ్యాపారానికి మూలపురుషులెవరా అని చూస్తే, వారి పూర్వాశ్రమాలు కూడా ఇట్లాగే చిత్రంగా ఉన్నాయి. అమెరికాలో 1886 లో పరిమళద్రవ్యాల కంపెనీ పెట్టిన డేవిడ్ మెకానెల్ అంతకు ముందు ఇంటింటికీ పుస్తకాలు అమ్మినవాడు. గృహిణులు తలుపు తీసి తన మాట వినాలని చిన్న సెంటు సీసా కానుకగా ఇచ్చేవాడు. పుస్తకం కంటే సెంటే బాగున్నదని వారన్నారు. పుస్తకాలు పోయి సెంట్లు మిగిలినాయి. అదే తర్వాత ఏవాన్ అయింది. కింద మనుషులను చేర్చి భాగం పంచే మెట్ల పద్ధతి న్యూట్రిలైట్ అనే పోషక మాత్రల అమ్మకం కోసం 1945 లో వచ్చింది. దానిని అల్లినవారు ఇద్దరు. లీ మైటింజర్ శ్మశానంలో సమాధి స్థలాలు అమ్మినవాడు. విలియం కాసెల్‌బెరీ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు. ఎవరూ కోరి కొనని సరుకును అమ్మిన నేర్పు ఒకరిది, మనిషి మనసు చదివిన చదువు ఇంకొకరిది. ఆ మాత్రలు అమ్మిన ఇద్దరు స్నేహితులు, డివోస్, వాన్ ఆండెల్, 1959 లో ఆమ్‌వే స్థాపించినారు. వారు అంతకు ముందు విమానం నడపటం నేర్పే బడి నడిపినారు. ఇంటింటా సరుకు అమ్మి పైకి వచ్చిన మేరీ కే ఆష్ అనే ఆవిడ, తాను పని నేర్పిన మగవాడిని కంపెనీవారు తనపైన కూర్చోబెడితే, రోషం వచ్చి 1963 లో సొంత కంపెనీ పెట్టింది.

మన దేశంలో 1982 నుంచి యురేకా ఫోర్బ్స్ వారి మనుషులు మెడకు టై కట్టి దుమ్ము పీల్చే యంత్రాలతో తలుపులు తట్టినారు. ఆమ్‌వే అమ్మకాలు మొదలైంది 1998 లో. అయితే ఇంటింటి వ్యాపారం నేర్చుకోవటానికి మనవారు అమెరికా దాకా పోనక్కరలేదు. గాజుల మలారం భుజాన వేసుకుని అరవదేశమంతా తిరిగిన తెలుగువారున్నారు. గుడియాత్తం లుంగీ పేరు పెద్ద దుకాణాల కంటే మూటల మీదే ఎక్కువ దూరం పోయింది. ఆ మూట మనిషి ముందు ఏ పని చేసేవాడని ఇంటావిడ అడగలేదు. ఆమె చూసేది రెండే. ఉతికితే రంగు పోయిందా, పోతే వచ్చే నెల వీడు ఇదే వీధికి వస్తాడా? వాయిదా డబ్బు కోసమైనా వాడు రాక తప్పదు, వస్తే జవాబు చెప్పక తప్పదు. వాడికి వేరే హామీపత్రం అక్కరలేదు.

మెట్ల వ్యాపారానికి పూర్వాశ్రమం ఎందుకు కావలసి వచ్చిందో ఇక్కడే తెలుస్తుంది. ముప్ఫైయేళ్లు పాఠం చెప్పి, సూది వేసి, లెక్క తప్పక సంపాదించిన నమ్మకం ఉన్నదే, అది వేరే పనిలో కూడిన మూలధనం. దానిని తెచ్చి ఈ సరుకు మీద పెడుతున్నారు. సరుకు మంచిదైతే నష్టం లేదు. కానప్పుడు పోయేది సరుకు విలువ ఒక్కటే కాదు.

బ్యాంకు ఆఫీసరుగారు నల్లబల్ల మీద నాలుగు మెట్లు వేసి ఆపినారు. మేము ఆ లెక్క ఇంకా కొంచెం పొడిగించినాము. ఒక్కొక్కరు ఆరుగురిని చేర్చాలి. మొదటి మెట్టులో 6, రెండులో 36, మూడులో 216, నాలుగులో 1,296. ఐదులో 7,776, ఆరులో 46,656. ఏడవ మెట్టుకు 2,79,936 మంది కావాలి. 2011 జనాభా లెక్కల్లో గుడియాత్తం పట్టణమంతా కలిపి, చంటిబిడ్డలతో సహా, సుమారు 91 వేలు. ఆరవ మెట్టు నిండేసరికే ఊరు సగానికి పైగా అయిపోయింది. ఏడవ మెట్టుకు మూడు గుడియాత్తాలు కావాలి. ఆ చివరి మెట్టున నిలబడేవాడు ఎవరిని చేర్చాలి? అతనికి మిగిలేది సరుకు అమ్మి బతకటం ఒక్కటే. అప్పుడు మగ్గాలాయన అడిగిన ప్రశ్న దగ్గరకే రావాలి.

న్యాయస్థానాలు, ప్రభుత్వాలు తిరిగి తిరిగి అక్కడికే వచ్చినాయి. 1979 లో అమెరికా ప్రభుత్వ వాణిజ్య సంఘం ఆమ్‌వేను విచారించి, అది కేవలం మనుషులను చేర్చే మోసం కాదని తీర్పు చెప్పింది. కారణం ఆ కంపెనీ నియమాలు: నెలకు పదిమంది వేర్వేరు కొనుగోలుదార్లకు అమ్మాలి, తెచ్చుకున్న సరుకులో నూటికి 70 వంతులు అమ్ముడుపోవాలి, మిగిలింది కంపెనీ తిరిగి తీసుకోవాలి. మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2007 లో అదే కంపెనీ పద్ధతిని పరిశీలించి, అది 1978 నాటి డబ్బు చెలామణీ పథకాల నిషేధ చట్టం కిందకు వస్తుందని చెప్పింది. 2021 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం నియమాలు విడుదల చేసింది. వాటి ప్రకారం గొలుసు పథకాలు కూడవు. అమ్మకందారు గుర్తింపు కార్డు లేకుండా, ముందుగా అనుమతి లేకుండా ఇంటికి రాకూడదు. వచ్చినప్పుడు తానెవరో, ఏ కంపెనీ తరఫున ఎందుకు వచ్చినాడో మొదటే చెప్పాలి. అతను ఇంతకు ముందు ఏ ఉద్యోగం చేసినాడో చెప్పమని ఆ నియమాలలో ఎక్కడా లేదు.

సభ నుంచి తిరిగి వచ్చేటప్పుడు కె.వి. కుప్పం దాటినాక మా మేనకోడలు, "ఏమంటావు మామా?" అన్నది. మేము వద్దనీ అనలేదు, సరేననీ అనలేదు. "టీచరమ్మ దగ్గర పది సబ్బులు అరువు తీసుకో. ఆమె పేరు గాని నీ కష్టం గాని చెప్పకుండా, చుట్టం కాని పది ఇళ్లలో అసలు ధరకే అమ్మిచూడు. నెల ఆగి మళ్లీ పో. రెండోసారి ఎవరు అడుగుతారో రాసిపెట్టు," అన్నాము.

ఆమె చెప్పినట్టే చేసింది. పది ఇళ్లలో నలుగురు కొన్నారు. నెల తర్వాత మళ్లీ కావాలన్నవారు ఇద్దరు. సబ్బు బాగాలేదని ఎవరూ అనలేదు. ఆ ధరకు అంగట్లో రెండు వస్తాయన్నారు. మా మేనకోడలు కాగితం పట్టుకుని టీచరమ్మ ఇంటికి వెళ్లింది. "ఆ ఇద్దరికీ నేనే తెచ్చి ఇస్తాను టీచర్. నా కింద ఎవరినీ పెట్టలేను, డబ్బూ పెట్టలేను," అని చెప్పింది.

టీచరమ్మ కోపగించుకోలేదు. కాగితం చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసినారట. తర్వాత లోపలికి పిలిచి మంచం కింద చూపించినారు. విప్పని పెట్టెలు ఇరవై ఒకటి. అన్నీ ఆమె పింఛను డబ్బుతో కొన్నవి. మెట్టు దిగిపోకుండా ఉండటానికి నెలనెలా తానే తెచ్చుకున్నవి. కొడుకుకు తెలియదు.

చీటి డబ్బు ఇప్పుడు గుడియాత్తం పోస్టాఫీసులో పిల్ల పేరిట ఉన్నది. కంపెనీ ఒప్పంద పత్రంలో అమ్ముడుపోని సరుకు తిరిగి తీసుకునే షరతు ఒకటి చిన్న అక్షరాలలో ఉన్నదని మా మేనకోడలే వెతికి పట్టుకున్నది. ఇద్దరూ కూర్చుని కంపెనీకి ఉత్తరం రాసినారు. టీచరమ్మ చెబుతుంటే మా మేనకోడలు రాసిందనుకున్నాము. కాదట. ఆమె చెబుతుంటే టీచరమ్మే రాసినారట. సరుకు కొన్న తేదీలన్నీ వరుసగా వేసి, పెట్టెలు లెక్కపెట్టి, పోస్టులో పంపినారు. జవాబు ఇంకా రావలసి ఉన్నది.